సగంలో ఆగిన పని... నవ్వు వాయువు!

రావులపాలెం అరటి మార్కెట్ దగ్గర లారీ ఆగింది. గెలల లోడు ఎక్కుతోంది. ఈలోపు డ్రైవరు డీజిల్ ట్యాంకు పక్కనున్న చిన్న ట్యాంకు నీలిరంగు మూత విప్పి, క్యానులోంచి నీళ్ళలాంటిదేదో పోస్తున్నాడు. సైకిలు మీద తెచ్చిన గెలలు దింపేసి, తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్న పెద్దాయనకు అది వింతగా అనిపించింది.

''ఏంటి బాబూ అదీ?''

''యూరియా నీళ్ళండీ బాబాయ్ గారూ.''

''లారీకి కూడా యూరియా ఏత్తన్నారా! ఏపుగా పెరుగుద్దా ఏంటి?''

''ఆయ్... పెరగడానిక్కాదండీ. పొగలో విషం విరగడానికి!''

పెద్దాయన నవ్వేశాడు. నిజానికి ఈ కథంతా నవ్వు చుట్టూనే తిరుగుతుంది. ఎందుకంటే, డ్రైవరు చెప్పినట్టు ఆ యూరియా నీళ్ళు పొగలోని విషాన్ని విరిచే మాట నిజమే. కానీ ఆ పని చేస్తూ చేస్తూ మరో వాయువును కూడా కాస్త పుట్టిస్తాయి. దాని పేరు నైట్రస్ ఆక్సైడ్. అందరికీ తెలిసిన పేరు... లాఫింగ్ గ్యాస్!

పొగలో ఏముందన్నా అది మంటలోంచే వచ్చిందనుకుంటాం. ఈ వాయువు విషయంలో మాత్రం లెక్క తిరగబడుతుంది. మంటలో ఇది పుట్టినా ఎక్కువసేపు బతకదు. మంట దాటాక, పొగ చల్లారే దారిలోనే అసలు కథ మొదలవుతుంది.

ఇంటిపేరు ఒక్కటే!

నత్రజని, ఆక్సిజన్ కలిస్తే ఒక పెద్ద కుటుంబమే తయారవుతుంది. ఒక నత్రజనికి ఒక ఆక్సిజన్ తోడైతే నైట్రిక్ ఆక్సైడ్. రెండు ఆక్సిజన్లు తోడైతే నైట్రోజన్ డయాక్సైడ్. ఈ ఇద్దరినీ కలిపి 'నాక్స్' అంటారు. కళ్ళు మండించేది, దగ్గు తెప్పించేది, ఎండలో ఇతర వాయువులతో కలిసి ఊపిరికి చేటు చేసేది ఈ జంటే. వాహనాల పొగ పరీక్షల్లో, ప్రభుత్వ నిబంధనల్లో కనిపించేదీ వీటి పేరే.

నైట్రస్ ఆక్సైడ్‌ది కూడా అదే ఇంటిపేరు. ఇందులో నత్రజనులు రెండు, ఆక్సిజన్ ఒకటి. గుణం మాత్రం పూర్తిగా వేరు. కళ్ళు మండించదు, దగ్గు తెప్పించదు. పైగా కాస్త తియ్యటి వాసన. 1772లో ఇంగ్లండులో జోసెఫ్ ప్రీస్ట్‌లీ దీన్ని కనుగొన్నాడు. 1799లో హంఫ్రీ డేవీ అనే కుర్ర శాస్త్రవేత్త తానే స్వయంగా పీల్చి, మత్తుగా, హాయిగా ఉందని గమనించాడు. 1844లో అమెరికాలో హొరేస్ వెల్స్ అనే దంతవైద్యుడు దీన్ని పీల్చి తన పన్నే పీకించుకున్నాడు. నొప్పి తెలియలేదట! అప్పటి నుంచి అది వైద్యుల చేతిలో పనిముట్టయింది.

ఆస్పత్రిలో ఇంత మంచి పేరు తెచ్చుకున్న వాయువు, ఆకాశంలోకి వెళ్తే వేరే అవతారం ఎత్తుతుంది. ఒక కిలో నైట్రస్ ఆక్సైడ్, వందేళ్ళ లెక్కన చూస్తే, 273 కిలోల కార్బన్ డయాక్సైడ్ చేసేంత వేడిని పుట్టిస్తుంది. ఒకసారి గాల్లో కలిస్తే వందేళ్ళకు పైగా ఉండిపోతుంది. అంటే ఈరోజు వెలువడింది మన మునిమనవల కాలానికి కూడా అక్కడే ఉంటుందన్నమాట! పరిశ్రమలు రాకముందు, గాలిలో వంద కోట్ల అణువులు తీసుకుంటే అందులో ఇది సుమారు 270 ఉండేది. ఇప్పుడు 335 దాటింది.

అంతేనా? అది నెమ్మదిగా పైపైకి వెళ్ళి ఓజోన్ పొరనూ కొరుకుతుంది. ఈ బంధాన్ని 1970లో పాల్ క్రట్జెన్ బయటపెట్టాడు. ఓజోన్ మీద చేసిన కృషికి 1995లో ఆయనకు నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. 2009లో మరో పరిశోధన వచ్చింది. మైసూరు విశ్వవిద్యాలయంలో చదువుకుని అమెరికా వెళ్ళిన ఎ.ఆర్. రవిశంకర బృందం చేసింది అది. మనుషులు ఇప్పుడు గాల్లోకి వదులుతున్న వాటిలో ఓజోన్‌కు అన్నింటికంటే ఎక్కువ చేటు చేస్తున్నది ఈ నవ్వు వాయువేనని తేల్చింది.

మంటలో పుట్టి... మంటలోనే!

ఇంతకీ పొగలోకి ఇది ఎలా వస్తుంది?

గాలిలో నాలుగింట మూడొంతులకు పైగా నత్రజనే. మామూలుగా అది ఎవరి జోలికీ పోదు. మంట దగ్గర మాత్రం ఆక్సిజన్ అణువులు విడిపోయి పరమాణువులుగా చిందులు తొక్కుతుంటాయి. వాటిలో ఒకటి వెళ్ళి నత్రజని జంటకు అతుక్కుంటే... అదే నైట్రస్ ఆక్సైడ్. కాకపోతే అదే మంటలో హైడ్రోజన్ పరమాణువులు కూడా కాచుక్కూర్చుంటాయి. అవి వచ్చి ఆక్సిజన్‌ను లాక్కుపోతాయి. మళ్ళీ నత్రజని జంటే మిగులుతుంది. ఇదంతా రెప్పపాటులో ఎన్నో వంతులో జరిగిపోతుంది.

అంటే మంట ఎంత వేడిగా ఉంటే ఈ వాయువుకు అంత కష్టకాలం. మంట వేడి గురించి కోనసీమ వాళ్ళకు ఒకరు చెప్పక్కర్లేదు. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాస్ బావి అంటుకుని 65 రోజుల పాటు మండింది. ఆ గ్యాస్ నిల్వల్ని నమ్ముకునే విజ్జేశ్వరం, జేగురుపాడు, వేమగిరి, సామర్లకోట లాంటి చోట్ల విద్యుత్ కేంద్రాలు వెలిశాయి. కేజీ బేసిన్ నుంచి అనుకున్నంత గ్యాస్ రాక వీటిలో కొన్ని ఏళ్ళ తరబడి ఖాళీగా ఉండాల్సి వచ్చింది, అది వేరే సంగతి. అవి నడిచినప్పుడు కూడా వాటి పొగ గొట్టంలోంచి వచ్చే నైట్రస్ ఆక్సైడ్ చాలా స్వల్పం. గ్యాస్ మంట అంత వేడి మరి! వంటింటి గ్యాస్ పొయ్యి సంగతీ అంతే.

కాస్త చల్లటి మంటల్లోనే చిక్కు. బొగ్గుపొడిని 1400 డిగ్రీలకు పైగా మండించే పెద్ద థర్మల్ బాయిలర్లలో ఇది దాదాపు కనిపించదు. అదే బొగ్గును ఇసుకతో కలిపి 850 డిగ్రీల దగ్గర మండించే 'ఫ్లూయిడైజ్డ్ బెడ్' బాయిలర్లలో మాత్రం మిగిలిపోతుంది. తక్కువ వేడిలో మండిస్తే నాక్స్ తగ్గుతుందని కనిపెట్టిన పద్ధతి అది. నాక్స్ తగ్గింది, నిజమే. దాని చుట్టం మాత్రం వెనక గుమ్మంలోంచి వచ్చింది! గోదావరి జిల్లాల మిల్లుల్లో మండించే ఊక లాంటి వాటితో ఈ బెడద బొగ్గుకంటే తక్కువ. వాటిలోని నత్రజని వేరే రూపంలో బయటికి రావడమే అందుకు కారణం.

సీసాలో జరిగిన మాయ

ఈ సంగతులన్నీ ఇప్పుడు ఇంత తేలిగ్గా చెప్పుకుంటున్నాం కానీ, ఒకప్పుడు శాస్త్రవేత్తలే బోల్తా పడ్డారు.

1970ల మధ్య నుంచి కొందరు విద్యుత్ కేంద్రాల పొగను సీసాల్లో, లోహపు డబ్బాల్లో పట్టి ప్రయోగశాలకు తీసుకెళ్ళి కొలవడం మొదలుపెట్టారు. కొలిచిన ప్రతిసారీ నైట్రస్ ఆక్సైడ్ దండిగా కనిపించేది. ఇంకేం, దొంగ దొరికాడనుకున్నారు! గాలిలో ఈ వాయువు పెరగడానికి బొగ్గు, చమురు మంటలే పెద్ద కారణమని లెక్కలు వేశారు. ఆ లెక్కల మీద వ్యాసాలు వచ్చాయి. భవిష్యత్తు అంచనాలూ వచ్చాయి.

1988లో మ్యూజియో, క్రామ్లిచ్ అనే ఇద్దరు పరిశోధకులకు అనుమానం వచ్చింది. పొగను సీసాలో పట్టి దాచకుండా, గొట్టం దగ్గరే అప్పటికప్పుడు కొలిస్తే ఏమవుతుంది? కొలిచారు. నైట్రస్ ఆక్సైడ్ నామమాత్రమే! మరి సీసాల్లోకి ఎక్కడి నుంచి వచ్చింది?

సీసాలోనే పుట్టింది!

అదెలాగంటే... పొగలో నైట్రిక్ ఆక్సైడ్ ఉంటుంది. గంధకం ఉన్న బొగ్గయితే సల్ఫర్ డయాక్సైడ్ కూడా ఉంటుంది. నీటి ఆవిరి ఎలాగూ ఉంటుంది. సీసా చల్లారగానే ఆవిరి చెమ్మగా మారి గోడలకు పడుతుంది. ఆ చెమ్మలో సల్ఫర్ డయాక్సైడ్ కరుగుతుంది. అది నైట్రిక్ ఆక్సైడ్‌లోంచి ఆక్సిజన్‌ను లాక్కుని తాను గంధకామ్లంగా మారిపోతుంది. ఆక్సిజన్ పోగొట్టుకున్న నైట్రిక్ ఆక్సైడ్లు రెండు జట్టుకట్టి నైట్రస్ ఆక్సైడ్ అవుతాయి. ఒక్క గంట చాలు... అసలు లేనిచోట పది లక్షల పాళ్ళలో వందల పాళ్ళు పుట్టుకొస్తుందని వాళ్ళు నిరూపించారు.

అంతకుముందు చాలామంది కొలిచింది పొగను కాదు, తమ సీసాను! ఏళ్ళ తరబడి వేసిన లెక్కలు తారుమారయ్యాయి. వాతావరణ మార్పులపై ఐపీసీసీ 1990లో ఇచ్చిన తొలి నివేదిక కూడా ఈ పొరపాటును లెక్కలోకి తీసుకుని, బొగ్గు, చమురు మంటల వాటాను బాగా తగ్గించింది. ఇప్పుడు పొగను కొలిచేవారు ముందు చెమ్మను తీసేస్తారు. లేదంటే గొట్టం దగ్గరే కొలిచేస్తారు.

మరి సీసాలో జరిగేది పొగ గొట్టంలో జరగదా? అక్కడ పొగ నిలిచి ఉండదు. సెకన్లలో బయటపడి గాల్లో పలచబడిపోతుంది. ఆ మాయకు గంటల వ్యవధి, చెమ్మ రెండూ కావాలి.

చల్లటి కారు... సగం పని

సీసా మాయ తేలిపోయింది కదా అని పొగ గొట్టం పూర్తిగా నిర్దోషి అయిపోలేదు. కార్ల కింద ఒక చిన్న డబ్బా ఉంటుంది. పేరు కెటలిటిక్ కన్వర్టర్. మన దేశంలో 1995లో నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు ఇది తప్పనిసరి అయింది. తర్వాత ఊరూరికీ పాకింది. ఇప్పటి మోటారు సైకిళ్ళకూ ఉంటోంది. లోపల తేనెతుట్టెలాంటి గదులు, వాటి గోడలకు ప్లాటినం, పల్లేడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాల పూత.

నైట్రిక్ ఆక్సైడ్ ఆ పూత మీద వాలగానే నత్రజని, ఆక్సిజన్‌గా విడిపోవాలి. విడిపోయిన నత్రజనులు రెండేసి చొప్పున జతకట్టి మామూలు గాలిగా బయటికి పోవాలి. డబ్బా బాగా వేడెక్కితే సరిగ్గా అదే జరుగుతుంది. ఇంజిను అప్పుడే స్టార్ట్ చేసి, డబ్బా ఇంకా గోరువెచ్చగా ఉన్నప్పుడు మాత్రం అన్ని అణువులూ విడిపోవు. విడిపోయిన ఒక నత్రజని, విడిపోని నైట్రిక్ ఆక్సైడ్‌కు తగులుకుంటుంది. ఇంకేముంది, నైట్రస్ ఆక్సైడ్ తయార్! డబ్బా పాతబడినా ఇదే తంతు.

రాజమండ్రి దానవాయిపేటలో కారు తీసి, కోటగుమ్మం దాకా వెళ్ళి, కూరగాయలు కొనుక్కుని వెనక్కి వచ్చేశారనుకోండి. ఆ కాస్త దూరానికి కన్వర్టర్ పూర్తిగా వేడెక్కే సమయమే ఉండదు. అదే కారు హైవే ఎక్కి ఏలూరు వెళ్తే, మొదటి కొద్ది నిమిషాలు తప్ప మిగతా దారంతా శుభ్రంగా పనిచేస్తుంది. కిలోమీటరు లెక్కన చూస్తే పొట్టి ప్రయాణమే ఎక్కువ పాపం మూటగట్టుకుంటుంది!

ఇక మన రావులపాలెం లారీ. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 నిబంధనలు వచ్చాయి. నాక్స్ పరిమితి బాగా బిగిసింది. దాంతో పెద్ద లారీలు, బస్సుల్లో యూరియా నీళ్ళ ట్యాంకు మామూలైపోయింది. అందులో 32.5 శాతం స్వచ్ఛమైన యూరియా, మిగతాది శుద్ధి చేసిన నీరు. వేడి పొగలోకి చిమ్మగానే యూరియా విడిపోయి అమోనియా వస్తుంది. ఆ అమోనియా, నాక్స్ కలిసి నత్రజనిగా, నీటిగా మారిపోతాయి. చక్కటి పథకం. ఇందులోనూ వేడి చాలకపోతేనే తంటా. అమోనియా, నైట్రోజన్ డయాక్సైడ్ కలిసి అమ్మోనియం నైట్రేట్ పలచటి పొరలా పేరుకుంటుంది. అది కాస్త వేడెక్కగానే నైట్రస్ ఆక్సైడ్‌గా విడిపోతుంది. తమాషా ఏంటంటే... ఆస్పత్రులకు లాఫింగ్ గ్యాస్ తయారుచేసేది కూడా ఇదే పద్ధతిలో, అమ్మోనియం నైట్రేట్‌ను వేడిచేసే! చివర్లో మిగిలిపోయిన అమోనియాను కాల్చేయడానికి పెట్టే పూత మీద కూడా ఇంకొంత పుడుతుంది.

అన్నిచోట్లా సూత్రం ఒక్కటే. నాక్స్‌ను మామూలు నత్రజనిగా మార్చే దారిలో నైట్రస్ ఆక్సైడ్ ఒక మజిలీ. పని పూర్తయితే గమ్యం చేరినట్టు. సగంలో ఆగితే... నవ్వు వాయువు!

అలాగని పీకేస్తే?

ఇదంతా విని 'అయితే ఆ డబ్బాలూ, యూరియా నీళ్ళూ దండగేగా' అనుకుంటే పప్పులో కాలేసినట్టే. డబ్బు మిగులుతుందని ఆ ఏర్పాటును ఎలక్ట్రానిక్ కిటుకులతో పనిచేయకుండా చేసే యజమానులూ లేకపోలేదు. అలా చేస్తే నాక్స్ ఎన్నో రెట్లు పెరిగి రోడ్డు పక్క ఇళ్ళలోని పిల్లల ఊపిరితిత్తుల్లోకే వెళ్తుంది. పైగా ఆ నాక్స్ తిరిగి వానతో నేలకు దిగితే, అందులో కొంత మట్టిలో మళ్ళీ నైట్రస్ ఆక్సైడే అవుతుంది!

పొలానికి తెచ్చిన యూరియాను నీళ్ళలో కలిపి లారీకి పోయడం ఇంకో ప్రమాదం. మన దేశంలో రైతులకిచ్చే యూరియాకు 2015 నుంచి వేపపూత తప్పనిసరి. ఆ నూనె, ఎరువులోని మలినాలు వేలకు వేలు పోసి కొన్న పరికరాన్ని పాడుచేస్తాయి. సబ్సిడీ ఎరువును దారి మళ్ళించడం ఎలాగూ నేరమే.

నిబంధనలు రాసేవాళ్ళు కూడా ఇప్పుడిప్పుడే కళ్ళు తెరుస్తున్నారు. అమెరికా 2010లో కార్ల పొగలో నైట్రస్ ఆక్సైడ్‌కు పరిమితి పెట్టింది. ఐరోపా 2024లో ఆమోదించిన యూరో-7లో లారీలు, బస్సులకు దీన్నీ చేర్చింది. కొలిస్తేనే కదా తగ్గించాలనే ఆలోచన వచ్చేది.

పొలం గట్టున అసలు లెక్క

చివరికి తూకం వేయాల్సిందే. మనుషుల వల్ల గాల్లో కలుస్తున్న నైట్రస్ ఆక్సైడ్‌లో సుమారు 74 శాతం వ్యవసాయం నుంచే వస్తోందని 2024లో వెలువడిన అంతర్జాతీయ లెక్క చెబుతోంది. లారీ గొట్టం వాటా దాని ముందు చిన్నది. అంటే హైవే మీద లారీలో పోసే యూరియా కంటే, ఆ హైవేకు అటూ ఇటూ సార్వాకీ దాళ్వాకీ చల్లే యూరియా పెద్ద సంగతి!

అక్కడ కెటలిటిక్ కన్వర్టర్ పని చేసేది మట్టిలోని సూక్ష్మజీవులు. నిండా నీళ్ళున్న మడిలో అవి నత్రజనిని చాలావరకు చివరి మజిలీ దాకా తీసుకెళ్తాయి. అందుకే మెట్ట చేలతో పోలిస్తే వరి మడిలో వేసిన ఎరువు నుంచి ఈ వాయువు తక్కువ వస్తుంది. మడి ఒకసారి తడిసి, ఒకసారి ఆరుతుంటే సూక్ష్మజీవుల పని సగంలో ఆగుతుంది. మళ్ళీ అదే కథ! నీటి పొదుపుకి, మీథేన్ తగ్గడానికి ఆరుతడి మంచిదే. కాకపోతే ఆరే సమయానికి మట్టిలో యూరియా మిగిలి ఉండకుండా చూసుకోవాలి.

వ్యవసాయ శాస్త్రవేత్తలు ఎప్పటి నుంచో చెప్పే మాట ఇక్కడ పనికొస్తుంది. యూరియా అంతా ఒకేసారి కుమ్మరించకుండా దమ్ములో, దుబ్బు చేసేటప్పుడు, అంకురం దశలో విడతలుగా వేయాలి. బురద పదునులో చల్లి, 36 నుంచి 48 గంటలయ్యాక పలచగా నీరు పెట్టాలి. వేపపూత యూరియాను నెమ్మదిగా వదులుతుంది, పైరుకు అందేలా చేస్తుంది. గాల్లోకి పోయిన ప్రతి గుప్పెడూ రైతు జేబులోంచి పోయిందే కదా!

ఇక ఊళ్ళో ఉన్నవాళ్ళ వంతు. ఫర్లాంగు దూరానికి కారు తీయకపోవడం. నాలుగు పనులుంటే నాలుగుసార్లు కాకుండా ఒకేసారి చూసుకురావడం. కన్వర్టర్ పాడైందని మెకానిక్ చెబితే ఖాళీ గొట్టం పెట్టించకుండా మార్పించడం. ఇవేమీ పెద్ద త్యాగాలు కావు.

గెలల లోడు పూర్తయింది. లారీ కదిలింది. మొదటి గేరులో, గొట్టం ఇంకా వేడెక్కకుండానే గౌతమి వంతెన వైపు మళ్ళింది. పెద్దాయన సైకిలు స్టాండు తీశాడు. ఇంటికెళ్ళే దారిలో ఎరువుల కొట్టు దగ్గర ఆగి, మడికి ఓ యూరియా బస్తా పట్టుకెళ్ళాలి. ఒకే యూరియా... ఒకటి పొగ దారి పట్టింది, ఒకటి పొలం దారి పట్టింది. రెండుచోట్లా కావలసింది ఒకటే... మొదలుపెట్టిన పని సగంలో ఆగకపోవడం!